గ్రంథాలయమున బైండుపని: నాలుగు వందల ఏండ్ల పాఠము

గ్రంథాలయముల చరిత్ర వ్రాయువారు దాతల పేళ్లు చెప్పుదురు. భవనముల శంకుస్థాపన తేదీలు చెప్పుదురు. గ్రంథముల సంఖ్య చెప్పుదురు. ఆ గ్రంథములను కుట్టి, అట్టవేసి, వీపున అక్షరములు వేసి తరువాతి తరమునకు అందించిన బైండరు మాట సాధారణముగా చెప్పరు. ఏ పుస్తకమును ఎప్పుడు, ఏ విధమున బైండు చేయింపవలెనో నిర్ణయించి చిట్టాలో వ్రాసికొనిన గుమాస్తా మాట అసలే చెప్పరు. కాని నూరేండ్ల తరువాత బీరువాలో ఏ గ్రంథము నిలిచియుండును, ఏది పొడియై రాలిపోవును అనునది పెక్కు సందర్భములలో ఆ ఇద్దరి చేతిలోనే ఉండినది. కచేరీలలో కాగితములతో కాలము గడుపు మనబోటివారికి ఈ మాట వింతగా తోచదు. ఫైలుకు ట్యాగు సరిగా లేనిచో అందలి ఉత్తరువు ఎంత గొప్పదైనను సమయమునకు దొరకదు గదా! విశ్వవిద్యాలయ గ్రంథాలయములలో ఈ బైండుపని ఎట్లు నడచెనో, దానినుండి మనము నేర్వదగినదేమో ఈ వ్యాసమున సంగ్రహముగా మనవి చేయుదును.

మన పూర్వులకు బైండు అను సమస్యయే లేదు. తాటియాకులను పదునుచేసి, గంటముతో వ్రాసి, రంధ్రములలో త్రాడు దూర్చి, పైనను క్రిందను కొయ్యపలకలు వేసి, గుడ్డలో చుట్టి అటకపై భద్రపరచుచుండిరి. గ్రామకరణముల కవిలెకట్టలును తాటియాకుల కట్టలే. ఒక ఆకు శిథిలమైనచో దానిని మాత్రము తీసివేసి, మరల వ్రాసి చేర్చుటకు వీలుండెను. ఆకునకు ఆకు అంటియుండదు. త్రాడు వదులుచేసినచో ఏ ఆకునైనను ఈ చివరనుండి ఆ చివరవరకు చదువవచ్చును. కాగితము వచ్చిన పిమ్మట ఈ సౌలభ్యము పోయినది. కాగితములను మడచి, ఆ మడతలను కుట్టి, అట్టలకు అంటింపవలసివచ్చెను. 19వ శతాబ్దమున సి. పి. బ్రౌను దొర పండితులను నియమించి తెలుగు గ్రంథములకు కాగితముపై ప్రతులు వ్రాయించి, సంపుటములుగా బైండు చేయించెను. ఆ సేకరణము మద్రాసు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు చేరినది. ఆ భాండాగారము చాలకాలము మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ భవనముననే ఉండెను. త్రాటితో కట్టిన తాళపత్రమును, దారముతో కుట్టిన సంపుటమును అచట ఒకే కప్పు క్రింద నిలిచినవి.

నిజాము రాష్ట్రమున పెరిగినవారు బైండును జిల్దు అనుట మనమెరుగుదుము. ఆ అరబ్బీ పదమునకు అసలర్థము చర్మము. పుస్తకమునకు తోలు తొడుగుట ఎంత ప్రాచీనమైన ఆచారమో ఆ ఒక్క మాటయే తెలుపుచున్నది. ఈ తోలుకథకు మన ఆంధ్రదేశముతో గల సంబంధమును తరువాత చెప్పుదును. ముందుగా, ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయము బైండుపనిని లెక్కప్రకారము నడపుటవలన కలిగిన ఫలము నొకదానిని చూతము.

ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున సర్ థామసు బాడ్లీ పునరుద్ధరించిన గ్రంథాలయము 1602 నవంబరు 8వ తేదీన తెరవబడెను. 1610లో లండనులోని ముద్రాపకుల సంఘముతో ఆయన ఒక ఒడంబడిక చేసికొనెను. దాని ప్రకారము ఆ సంఘమువారు అచ్చువేయు ప్రతి గ్రంథములోను ఒక ప్రతి గ్రంథాలయమునకు ఉచితముగా రావలెను. ఆ కాలమున అచ్చుపుస్తకములు అట్టలేని విడి కాగితములుగా వచ్చుట వాడుక. కావున వచ్చిన కాగితములను పట్టణములోని బైండరులకు పంచియిచ్చి, ఏనాడు ఎవరికి ఏ గ్రంథము ఇచ్చిరో ఒక దినచిట్టాలో వ్రాసికొనుచుండిరి. 1623లో షేక్స్పియరు నాటకముల తొలి సంపుటము అచ్చయి ఇట్లే విడి కాగితములుగా చేరెను. 1624 ఫిబ్రవరి 17వ తేదీన దానిని మరికొన్ని గ్రంథములతో కలిపి విలియం వైల్డుగూసు అను బైండరునకు ఇచ్చినట్లు ఆ చిట్టాలో నమోదు కలదు. బైండు ముగిసి వచ్చిన పిమ్మట దానికి గొలుసు తగిలించి బీరువాలో నిలిపిరి.

నలువది ఏండ్లు గడచినవి. అదే నాటకముల మూడవ ముద్రణము వచ్చెను. క్రొత్తది ఉండగా పాతది యెందుకని తలచి కాబోలు, అధికప్రతులతోపాటు తొలి సంపుటమును కూడ అమ్మివేసిరి. రెండువందల నలువది ఏండ్లపాటు దాని జాడ తెలియలేదు. 1905లో ఒక విద్యార్థి తన ఇంటిలోని పాతపుస్తకమును, దాని బైండును బాగుచేయించు విషయమై సలహా కొరకు ఆ గ్రంథాలయమునకే తెచ్చెను. అచటివారు దాని తోలును, అట్టలను, గొలుసు తగిలించిన గుర్తును పరిశీలించిరి. 1624లో అదే బైండరునకు పంపిన తోడి గ్రంథముల బైండుతో సరిపోల్చిరి. చిట్టాలోని నమోదు చూచిరి. అది తాము పోగొట్టుకొనిన ప్రతియే యని తేలెను. ఇంతలో ఒక అమెరికా ధనికుడు దానికి 3,000 పౌనులు ఇవ్వజూపెను. గ్రంథాలయమువారు చందాలు ప్రోగుచేసి, అంత మొత్తమును చెల్లించి, 1906లో దానిని తిరిగి సంపాదించుకొనిరి. ఆనాటి గుమాస్తా చిట్టాలో వ్రాసిన ఒక పంక్తి 281 ఏండ్ల తరువాత సాక్ష్యము చెప్పినది. రిజిస్టరు వ్రాయుట విసుగుపుట్టించు పనియని తలచువారు ఈ ఉదంతమును జ్ఞప్తియందుంచుకొనవలెను.

రెండవ పాఠము తోలునకు సంబంధించినది. 19వ శతాబ్దాంతమునకు ఇంగ్లండులోని గ్రంథాలయాధికారులను ఒక విచిత్రవ్యాధి కలవరపెట్టెను. మూడునాలుగు వందల ఏండ్లనాటి బైండులు చెక్కుచెదరకుండగా, నిన్నమొన్నటి బైండుల తోలు ఎఱ్ఱబారి, ముట్టుకొన్నచో పొడిగా రాలుచుండెను. దీని కారణములు విచారించుటకు లండనులోని సొసైటీ ఆఫ్ ఆర్ట్సు అను సంస్థ 1900లో ఒక సంఘమును నియమించెను. అది 1901లో ప్రాథమిక నివేదికను, 1905లో తుది నివేదికను ఇచ్చెను. గ్యాసుదీపముల పొగ, ఎండ, తోలునకు రంగువేయునపుడు వాడు గంధకామ్లము, తోలును మితిమీరి పలుచచేయుట అనునవి అందు పేర్కొనిన దోషములలో ముఖ్యమైనవి. వీనితోపాటు, ఏ తోలు ఏ చెట్టుచెక్కతో పదునుచేయబడినది అను విషయమునుగూర్చి కూడ ఆ సంఘము చక్కగా పరీక్షలు జరిపెను.

ఇచ్చటనే మన దేశపు ప్రసక్తి వచ్చుచున్నది. ఆనాడు మద్రాసు రాజధానినుండి మేకతోళ్లు, గొఱ్ఱెతోళ్లు పదునుచేయబడి ఓడలపై విస్తారముగా లండనునకు పోవుచుండెను. బైండరులు వానిని చవుకబైండ్లకు వాడుచుండిరి. ఆ తోళ్లను పదునుచేయుటకు వాడిన ముఖ్యవస్తువు తంగేడుచెక్క. మన బీళ్లలో, డొంకలలో పసుపుపచ్చగా పూచి తెలంగాణమున బతుకమ్మను అలంకరించు తంగేడే అది. ఈ తోలు ఇతర ప్రయోజనములకు పనికివచ్చునే గాని, గ్రంథముల బైండునకు మిక్కిలి చెడ్డదనియు, దీనితో బైండుచేసిన పుస్తకములు పదేండ్లు నిండకమునుపే చివుకుట కనబడుచున్నదనియు ఆ సంఘము తేల్చెను. సుమాకు ఆకులతో పదునుచేసిన తోలు మేలని సిఫారసు చేసెను. మరియొక విశేషమేమనగా, మన్నికగల తోలునిచ్చు ద్రవ్యముల వర్గములోనే మన కరక్కాయయు చేరినది. చెడ్డయు మంచియు రెండును మన అడవులలోనే ఉండినవి; చవుకగా దొరకునదేదో దానినే వర్తకము ఏరుకొనినది.

కనిష్ఠధర చెప్పినవారికే పని ఒప్పగించుట మన కచేరీలలో నియమము. ఆ నియమము మంచిదే. కాని ఏ తోలు, ఏ గుడ్డ, ఏ దారము, ఎట్టి కుట్టు అని ముందుగా వివరముగా నిర్ణయింపక ధరలు మాత్రము పిలిచినచో, పదేండ్లలో పొడియగు బైండునే కొనుక్కొందుము. పిమ్మట అదే గ్రంథమునకు రెండవమారు ఖర్చు పెట్టవలయును. రెండవమారు కుట్టునపుడు అంచులు మరికొంత కోతబడును. కాగితపు మడతలు మరికొంత చిరుగును. ఒక గ్రంథము ఎన్నిమారులైనను బైండునకు తాళునని తలచుట పొరపాటు. తొలి బైండులో పొదుపుచేసిన రూపాయికి గ్రంథమే వడ్డీ కట్టును.

మన దేశమున ఈ పనిని శాస్త్రీయముగా ఆలోచించినవారిలో అగ్రగణ్యుడు ఎస్. ఆర్. రంగనాథను. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితోపన్యాసకుడుగా ఉండి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి పదవిలో చేరెను. ఇంగ్లండు వెళ్లి ఆ శాస్త్రము నభ్యసించి 1925లో తిరిగివచ్చెను. 1931లో గ్రంథాలయశాస్త్ర పంచసూత్రములను, 1935లో గ్రంథాలయ పరిపాలనమును గూర్చిన బృహద్గ్రంథమును ప్రకటించెను. 1936లో సముద్రతీరమున విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు సొంతభవనము ఏర్పడెను. మన తెలుగు విద్యార్థులు పెక్కుమంది ఆ గ్రంథాలయమున చదువుకొనినవారే. పిమ్మట 1947 మొదలు కొన్ని సంవత్సరములు ఆయన ఢిల్లీ విశ్వవిద్యాలయమునకును సేవచేసెను.

విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు పుస్తకముల బైండుకంటె పత్రికల బైండు కష్టతరము. పుస్తకము ఒకనాడు సంపూర్ణముగా వచ్చును. పత్రికయో, వారమునకో నెలకో మూడునెలలకో ఒక ముక్కగా వచ్చును. సంవత్సరాంతమున ఆ ముక్కలన్నియు కలిసినగాని సంపుటము కాదు. నడుమ ఒక సంచిక టపాలో తప్పిపోవచ్చును. ఒకటి పాఠకుని సంచిలో చేరవచ్చును. ఒకటి ఆచార్యుల బల్లపై నెలల తరబడి విశ్రమించవచ్చును. ఈ చిక్కును తొలగించుటకు రంగనాథను మూడు కార్డుల పద్ధతిని కల్పించెను. మొదటి కార్డుపై వచ్చిన ప్రతి సంచికయు, చందా చెల్లింపును నమోదగును. రెండవ కార్డు, ఏ వారమున ఏ సంచిక రావలెనో దాని ప్రకారము పేర్చబడియుండును. ఆ వారము గడచినను కార్డు కదలనిచో సంచిక రాలేదని తెలిసిపోవును. వెంటనే జ్ఞాపికాపత్రము వ్రాయవచ్చును. మూడవ కార్డు విషయవర్గము ప్రకారము ఉండి, గ్రంథాలయమున ఏ సంపుటములు, ఏ అనుబంధములు, ఏ సూచికలు గలవో చూపును. ఆలస్యముగా అడిగినచో ప్రచురణకర్తయొద్ద ప్రతులు మిగులవు. కావున పత్రిక బైండు సంవత్సరాంతమున గాక తొలి సంచిక వచ్చిననాడే ఆరంభమగుచున్నదని చెప్పవచ్చును.

సంపుటము పూర్తియైన పిమ్మట జరుగవలసిన పని క్రమము కూడ తెలియదగినది. సంచికలను వరుసగా పేర్చి పుటలు సరిచూడవలెను. ప్రచురణకర్త చివర పంపు ముఖపత్రమును, విషయసూచికను చేర్చవలెను. ప్రతి సంపుటమునకును ఒక చీటీ వ్రాసి, పేరు, సంపుటసంఖ్య, సంవత్సరము, అట్టరంగు, వీపుపై అక్షరములు ఎంత ఎత్తున ఉండవలెనో సూచింపవలెను. ఒకే పత్రిక సంపుటములన్నియు ఒకే రంగుగా, ఒకే తీరుగా ఉండుట సొగసు కొరకు కాదు. పాఠకుడు దూరమునుండియే గుర్తించి, నడుమ ఏ సంపుటము లేదో కనిపెట్టుట కొరకు. బైండరునకు ఇచ్చిన జాబితా రెండు ప్రతులుగా వ్రాసి, ఒకటి కచేరీలో ఉంచుకొనవలెను. తిరిగివచ్చినపుడు ప్రతి సంపుటమును విప్పి, పుటలు తలక్రిందులుగా కుట్టలేదనియు, అక్షరములు కోతబడలేదనియు చూచినగాని బిల్లు మంజూరు చేయరాదు. విద్యార్థులు లేని వేసవి సెలవులలో ఈ పని చేయించుట మేలు. నెలల తరబడి బైండరు కొట్టులో పడియున్న సంపుటము పాఠకునకు లేనిదానితో సమానము. 1965లో భారత ప్రమాణముల సంస్థ గ్రంథాలయ గ్రంథములకు, పత్రికలకు దృఢమైన బైండు వేయు విధానమునుగూర్చి ఒక ప్రమాణమును ప్రకటించినది. మన ఉష్ణదేశమున చెద, పుస్తకపురుగు, సముద్రతీరపు తేమ అదనపు శత్రువులు. జిగురులో మైలతుత్తము కలుపుట మన బైండరులు పురుగులకు చేయు చికిత్స.

వేయి సంపుటములు పాఠకుల చేతికి పోయివచ్చినచో ఏడాదికి ఐదు సంపుటముల నష్టము సహజమని కేంద్రప్రభుత్వ ఆర్థిక నియమావళియే ఒప్పుకొనుచున్నది. దయగల నియమమే. కాని పత్రిక విడిసంచిక పోయిన నష్టము ఈ లెక్కకు అందదు. ఒక పరిశోధకునకు కావలసిన వ్యాసము ఆ ఒక్క సంచికలోనే ఉండినచో, తక్కిన పదునొకండు సంచికలును అతనికి నిష్ప్రయోజనములే.

బైండువలన మేలే గాక కీడును కలుగవచ్చునని చెప్పుట న్యాయము. అంచులు సమము చేయు కత్తికి పెక్కు పత్రికల పుటల అంచులు, ఒక్కొక్కమారు పంక్తుల చివరలు కూడ బలియైనవి. పుటల నడుమ చాల లోతుగా కుట్టినచో పుస్తకము పూర్తిగా తెరచుకొనదు. లోపలివైపు అక్షరములు మడతలో దాగును. అన్నిటికంటె విచారకరమైనది ముఖచిత్రములను, ప్రకటనల పుటలను చించివేసి బైండుచేయు ఆచారము. సంపుటము లావు తగ్గును, ఖర్చు తగ్గును అను తలంపుతో పలుదేశముల గ్రంథాలయములలో ఇట్లు చేసిరి. ప్రకటనలు చరిత్ర కావని ఆనాటివారు భావించిరి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పత్రికలకు అమృతాంజనము ఆధారమైన సంగతి, కేసరిగారి గృహలక్ష్మికి లోధ్ర ఔషధము తోడైన సంగతి తెలిసినవారికి ఆ తలంపు ఎంత తప్పో బోధపడును. ఆ కాలపు స్త్రీల ఆరోగ్యము, వస్తువుల ధరలు, నాటక సినిమాల ప్రచారము, అచ్చుచిత్రకారుల నేర్పు తెలియవలెనన్నచో వ్యాసములకంటె ఆ పుటలే ఎక్కువ చెప్పును. వానిని చించినవాడు శత్రువు కాడు. శ్రద్ధగా పనిచేసిన ఉద్యోగియే. ఏది విలువైనదో నిర్ణయించు అధికారము తనకు గలదని అనుకొనుటయే చిక్కు తెచ్చినది.

నేడు కాలము మారినది. విజ్ఞానశాస్త్ర పత్రికలు ఇప్పుడు చాలవరకు కాగితముపై గాక కంప్యూటరు తెరపై చదువబడుచున్నవి. భారతప్రభుత్వము 2025 జనవరి నుండి ఒకే దేశము, ఒకే చందా అను పథకమును అమలుపరచి, మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 మంది అంతర్జాతీయ ప్రచురణకర్తల పత్రికలను, ఇంచుమించు 13,000, ప్రభుత్వ విద్యాసంస్థలకు అందించుచున్నది. ఇది ఎంతయు హర్షింపదగిన సంగతి. మారుమూల కళాశాల విద్యార్థికిని ఇట్టి సౌకర్యము పూర్వము లేకుండెను. కాని చందా చెల్లించి చదువుట వేరు, సంపుటము కట్టి బీరువాలో నిలుపుకొనుట వేరు. మొదటిది ఒప్పందము ఉన్నంత కాలము మాత్రమే. రెండవది అట్ట నిలిచినంత కాలము.

అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. ఆ పదుమూడు వేలలో మన తెలుగు మాసపత్రికలు లేవు. 1924లో పుట్టి 1991లో ఆగిపోయిన భారతి వంటి పత్రికను నేడు మనము చదువగలుగుచున్నామనిన, ఎవరో కొందరు నెలనెలా సంచికలు దాచి, ఏటేట బైండుచేయించి ఉంచుటవలననే. వేటపాలెము సారస్వత నికేతనము, రాజమహేంద్రవరము గౌతమీ గ్రంథాలయము, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వంటి సంస్థలు విశ్వవిద్యాలయముల ధనబలము లేకయే పుస్తకపత్రికలను కాపాడినవి. ఈనాడు అంతర్జాలమున చూచు పాతపత్రికల పుటలు ఇట్టి గ్రంథాలయములలోని బైండు సంపుటములనుండి యంత్రముతో ఛాయలు తీసినవే. మూలము లోతుగా కుట్టబడినచో ఛాయలోను అక్షరములు మింగుడుపడును. మూలమున ముఖచిత్రము లేనిచో ఛాయలోను లేదు. పాతసంపుటములను ఒకమారు ఛాయతీసితిమి గదా యని పారవేయుట తగదు. 1664లో క్రొత్తముద్రణము వచ్చెనని తొలి సంపుటమును అమ్మివేసినవారి తలంపును ఇట్టిదే కావచ్చును.

ప్రవాసమున నున్న మన తెలుగు సంఘములకు ఇది కేవలము పరాయి విషయము కాదు. ప్రతి సంఘమునకును ఒకటిరెండు బీరువాల పుస్తకములు, ఏటేట ప్రకటించిన ప్రత్యేకసంచికలు ఉండును. వానిలో మన నాటకముల ఛాయాచిత్రములు, మన పిల్లల తొలి రచనలు, బదిలీయై వెళ్లినవారి పేళ్లు, కీర్తిశేషులైన పెద్దల పలుకులు గలవు. వీనిని మరియొక గ్రంథాలయము దాచునని నమ్ముటకు వీలులేదు. ఐదేండ్ల సంచికలను ఒక సంపుటముగా, ముఖచిత్రములు, ప్రకటనలు తీయకుండ, అంచులు కోయకుండ, గట్టిగుడ్డతో బైండు చేయించుటకు అగు ఖర్చు ఒక సాయంకాలపు ఫలహారముల ఖర్చును మించదు. ఇచ్చిన తేదీ, వచ్చిన తేదీ, సంచికల సంఖ్య ఒక పుస్తకములో వ్రాసియుంచినచో మరియు మంచిది. కార్యవర్గములు మారును, కార్యదర్శులు బదిలీయై పోవుదురు, ఆ పుస్తకము మాత్రము తరువాతివారికి దారి చూపును. వచ్చు సంవత్సరపు ఆయవ్యయ పట్టికలో ఈ పద్దునకు కొంత స్థలమీయవలసినదిగా సంఘసభ్యులను ప్రార్థించుచున్నాను.